వంశం ఉన్న కలకండ

మా బజారులో నాకంటే బాగా బేరమాడేవాళ్లు లేరని నేను అనను. జనం అంటారు, నేను కాదనను. చింతపండు గంపలో చెయ్యి పెట్టి ఎంత తడి కలిపారో చెబుతాను. బెల్లం దిమ్మెను గోటితో గీకి అది ఎంత సున్నం తాగిందో చెబుతాను. చీర కొనడానికి వెళితే నా వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఊరికే నిలబడతారు, నేను తగ్గించిన ధరకు తామూ ఒకటి తీసుకుందామని. అలాంటి నేను నిమ్మకాయంత కలకండ రాయిని వెండి గిన్నె ధర పెట్టి కొన్నాను. బేరమాడకుండా కొన్నానని అనుకోకండి. బేరమాడాను. ధరను నేనే పెంచుకుంటూ పోయాను. అమ్మేవాడు అడగకముందే ఎక్కువిచ్చిన మనిషి మా ఇంట్లో నాలుగు తరాలుగా పుట్టలేదు. ఆ లోటు నేను తీర్చాను.

కోలారు బంగారు గనుల ఊళ్లో మాది పచారీ కొట్టు. గనిలోకి దిగేవాళ్లకు రాగులూ కందిపప్పూ అమ్మి మా తాత నిలబెట్టాడు. గనులు మూతపడ్డాయి, కొట్టు మూతపడలేదు. ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. నేను పెళ్లయి రెండు వీధుల అవతలికి వెళ్లాను, అంటే వెళ్లనట్టే. ఇంట్లో పొద్దుటి వంట దించగానే వచ్చి కొట్టులో కూర్చుంటాను. కొట్టు వెనక ఒక గది ఉంది, దాన్ని వెనక కొట్టు అంటాం. నాన్న నాకు తక్కెడ పట్టడం నేర్పింది అక్కడే, జల్లెడ పట్టడం నేర్పిందీ అక్కడే. మా ఇంటి చదువంతా జల్లెడలోనే ఉంది. గింజ ఒక బస్తాలోకి, నూక ఒక బస్తాలోకి, దుమ్ము కూడా పారేయకుండా కోళ్లవాళ్లకు.

ఆ వెనక కొట్టును తమ్ముడు ఒక పార్శిల్ కంపెనీకి అద్దెకిస్తానన్నాడు. ఫోనులో సామాన్లు కొనేవాళ్లు ఎక్కువయ్యారు, ఆ డబ్బాలు దించుకోవడానికి వాళ్లకు చోటు కావాలి. నేను అడ్డం పడ్డాను. అందులో కలకండ చేస్తానన్నాను. తాంబూలంలో కలకండ పెట్టకుండా మా వైపు పెళ్లి జరగదు. బయటినుంచి వచ్చే సరుకేమో మసిబారి, గోనె పీచు అంటుకొని వస్తుంది. మనమే చేస్తే తెల్లగా, దారానికి గుచ్చినట్టు పెద్ద పెద్ద రాళ్లు తీయొచ్చు.

తమ్ముడు నన్ను చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. గడువు పెట్టాడు.

"అక్కా, ఈ పెండ్లిళ్ల సీజన్ అంతా నీకి ఇస్తాండా. క్యాసంబళ్ళి వాళ్లు పెండ్లికి పెద్ద ఆర్డర్ ఇస్తామంటాండారు. అది బాగా జరిగితే ఆ రూము నీదే, నేను నోరెత్తను. జరగలేదో, బీగం చెవి పార్శిలోళ్లకి. ఇంగ దాంట్లో ఏడ్చేది, నాయన తక్కెడ అనేది ఏమీ ఉండకూడదు."

"నేను యాడ ఏడ్చినాన్రా ఎప్పుడన్నా?"

"ఏడవవు. ఎదుటోళ్లని ఏడిపిస్తావు. సరే అను."

సరే అన్నాను.

బైరకూరులో ఒక పెద్దాయన కలకండ చేసేవాడు. మోకాళ్లు పట్టేసి పని మానేశాడని తెలిసి గిన్నెలు కొనడానికి వెళ్లాను. వెడల్పాటి అల్యూమినియం గిన్నెలు, అంచుకు దారాలు కట్టేందుకు చిల్లులు ఉన్నవి. వాటిని ఇనుప సామాను ధరకు లాగేశాను. ఆయన తల ఊపాడు. ఆ ఊపు చూసి, ఈయన పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు గూట్లో ఒక ఎర్ర గుడ్డ మూట కనిపించింది.

"అదేమి పెద్దాయనా?"

"అది నీకి కాదులేమ్మా."

ఆ ఒక్క మాటతో నేను సగం చచ్చాను. మూట విప్పించాను. లోపల నిమ్మకాయంత రాయి. కిటికీలోంచి వచ్చే వెలుతురు దానిలోంచి అవతలికి పోతోంది.

"ఇది విత్తనం," అన్నాడు. "మా తాత చేసిన రాయికి ఇది మనవరాలికి మనవరాలు. ప్రతి పాకంలోనూ అన్నిటికంటే పెద్దది, తెల్లంగా ఉండేది ఏరి పక్కన పెడతాము. మళ్ళా పాకానికి దాన్నే పలుకులు చేసి దారానికి అంటిస్తాము. దాంట్లో మళ్ళా పెద్దది ఏరుతాము. మూడు తరాలుగా ఇదే పని. రాగి చేన్లో మంచి ఎన్ను ఏరి విత్తనానికి పెట్టుకుంటామే, అట్ల. ఇంగ నువ్వే చూసుకో, దీని జాతి యాడికి పోయుంటాదో."

విత్తనాలమ్మేవాళ్లను నేను జన్మలో నమ్మలేదు. కానీ ఈయన చెప్పింది ఎక్కడో విన్న మాటలా లేదు. మా ఇంటి మాటలా ఉంది. ఏరడం, పక్కన పెట్టడం, మళ్లీ ఏరడం. నాన్న బతికి ఉండి కలకండ చేసి ఉంటే ఇలాగే చేసేవాడు అనిపించింది. ఒక ధర చెప్పాను. ఆయన కిటికీలోంచి ఎదురింటి మేకను చూశాడు. ఇంకొంచెం పెంచాను. మేకనే చూశాడు. ఎదుటివాడు మాట్లాడకుండా ఉంటే నువ్వూ మాట్లాడకు అని నాన్న నాకు నేర్పాడు. ఆ విద్యను నలభై ఏళ్లుగా గిరాకీల మీద ప్రయోగిస్తున్నాను. నామీద ఎవరైనా ప్రయోగిస్తారన్న ఆలోచనే రాలేదు. మేక లేచి వెళ్లిపోయేసరికి నా ధర వెండి గిన్నె దగ్గర ఆగింది.

డబ్బు తీసుకొని ఆయన రెండు జాగ్రత్తలు చెప్పాడు. పాకం వేలు ఓర్చుకునేంత చల్లారాకనే విత్తనం దారాలు దించాలి, వేడిలో దించితే అది కరిగిపోతుంది. రెండోది, ప్రతిసారీ గిన్నెలు మరిగిన నీళ్లతో కడుక్కోవాలి. "అడుగున పొడి లేకుండా బాగా తోముకోమ్మా, మరవద్దు," అన్నాడు.

మొదటిది నమ్మాను. రెండోది విని లోపల నవ్వుకున్నాను. అంత వంశం ఉన్న రాయి రాలిన పొడి గిన్నె అడుగున ఉంటే, దాన్ని నీళ్లలో కలిపి మోరీలో పోయాలట! సరుకు పారేయమని ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి చెప్పాడంటే అందులో కిటుకు ఉన్నట్టే. పోటీకి వస్తానని కాబోలు, దారి తప్పిస్తున్నాడు అనుకున్నాను. నన్నా తప్పించేది?

మొదటి పాకం అద్భుతంగా వచ్చింది. గోనెపట్టాలు కప్పి వారం రోజులు కదిలించకుండా ఉంచి తీస్తే, దారం పొడుగునా రాళ్లు, పెద్ద ఉసిరికాయలంత, పక్కలు చెక్కినట్టు. కొట్టు ముందు వేలాడదీశాను. వచ్చినవాళ్లందరికీ వంశం కథ చెప్పాను. పెద్దాయన చెప్పిన మూడు తరాలు నా నోట్లో వారం తిరిగేసరికి ఐదయ్యాయి. రాళ్లు రెండు రోజుల్లో అమ్ముడుపోయాయి. అందులో అన్నిటికంటే పెద్దదాన్ని మాత్రం ఏరి, ఎర్ర గుడ్డలో, పలుకులు గిల్లుకోగా మిగిలిన దాని తల్లి పక్కన పడుకోబెట్టాను.

క్యాసంబళ్ళి పెళ్లికూతురి తల్లి వచ్చి చూసింది. ఒక దారాన్ని వేళ్లమీద ఆడించింది.

"ఇట్లాంటివే రావల్లక్కా. తాంబూలం సంచీకి ఒక దారం. మావాళ్లు చూసినంక, ఇది యాడ తెచ్చినారు అని అడగల్ల. నూకలు నూకలుగా ఉంటే నేను తీసుకోను, ఇప్పుడే చెప్తాండా."

"ముందర ముందర ఇంగా పెద్దవి వస్తాయమ్మా," అన్నాను. "జాతి మెరుగయ్యే కొద్దీ."

నేను నిజంగానే నమ్మాను. అబద్ధం చెప్పేటప్పుడు నేను ఇంకా తక్కువ మాట్లాడతాను.

తమ్ముడి కూతురు కోలారు అవతల నరసాపురంలో బండ్ల పార్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. డిగ్రీలో సైన్సు చదివింది. తయారై వచ్చే పార్టులను కొలిచి, వంకరవి తీసి పక్కన పడేయడం ఆమె ఉద్యోగం. అంటే మా జల్లెడ పనే, బూట్లు వేసుకొని చేస్తుంది. పొద్దుటి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఆ రోజు వచ్చి, ఒక పలుకు నోట్లో వేసుకొని, నా కథంతా విని, నవ్వు ఆపుకోలేకపోయింది.

"అత్తా, కలకండకి వంశమా?"

"ఎందుకు లేదే? మంచిదాన్ని ఏరి ఏరి పెట్టినారు మూడు తరాలు. ఐదు."

"మా లైన్లో నేను మూడేండ్ల నుంచి ఏరతాండా. రోజూ వంకర పార్టు తీసి ఎర్ర డబ్బాలో వేస్తాండా. మూడేండ్లలో పార్టులకి ఏమన్నా బుద్ధొచ్చిందా? నిన్న కూడా వంకరగానే వచ్చినాయి."

"మీ మిషన్ సరిలేదు."

"అదే చెప్తాండేది. ఏరితే చాలదత్తా. ఏరినదానికి బిడ్డ పుట్టల్ల, బిడ్డకి తల్లి గుణం రావల్ల. అప్పుడే నాచురల్ సెలెక్షన్ అనేది. పార్టుకి బిడ్డలు లేరు. నువ్వు సుమ్నే, ఊరికే జల్లెడ పట్టి వంశం అంటాండావు."

ఆమె చెప్పిన ఆ మాటను తెలుగు పుస్తకాల్లో ప్రకృతి వరణం అంటారట. మా కొట్టు మాటలో చెప్పాలంటే, పట్టే చెయ్యి లేకుండా జల్లెడ తనంతట తానే ఆడుతుంది, మిగిలిన గింజ మళ్లీ మొలుస్తుంది, మొలిచినదాన్ని మళ్లీ జల్లెడ పడుతుంది. గడ్డీ గొర్రే మనమూ అలా వచ్చినవాళ్లమేనట. వినడానికి బాగానే ఉంది. గడ్డికి వర్తించేది గడ్డకట్టిన పంచదారకు ఎందుకు వర్తించదని నేను అడిగాను. నా రాయికి పిల్లలు పుడుతున్నాయి కదా, దారానికి వేలాడుతున్నాయి కదా?

"పుడతాండాయి, ఒప్పుకుంటా. తల్లి గుణం వస్తాండాదా లేదా, అది చూడల్ల." బయటికి చెయ్యి చూపింది. మా వీధి చివర గని ఇసుక దిబ్బలు కనిపిస్తాయి, బంగారం తీసుకొని పారబోసిన పిండి. "ఆ దిబ్బ చూడు. సన్న ఇసకంతా గాలికి కొట్టుకొని పోయింది, ముతకది ఆడే ఉండిపోయింది. ఎన్నేండ్లుగా గాలి ఏరతాండాదో. దిబ్బ ఏమన్నా గట్టిగా ఉండేది నేర్చుకున్నిందా?"

"సన్నది యాడికి పోలేదు," అన్నాను, పప్పు డబ్బాల మీది దుమ్ము తుడుస్తూ. "మన కొట్లోకే వచ్చింది." మాట మార్చడం కూడా బేరంలో భాగమే.

గిన్నెలు కడక్కుండానే పోసిన రెండో పాకంలో రాళ్లు కాస్త చిన్నవిగా వచ్చాయి. వాటిని తక్కువ రకం కింద కొట్లో అమ్మేశాను. పెళ్లికి ఇంకా వారాలు ఉన్నాయి, వంశం మెరుగుపడేదాకా ఆగుదాం అనుకున్నాను. ఏరడంలో నేను మెత్తబడ్డానేమో అనిపించి, ఈసారి ఇంకా కఠినంగా, ఒక్కటంటే ఒక్క రాయిని ఏరాను. దాన్ని రోట్లో వేసి ఇంకా సన్నగా దంచాను, ఎక్కువ దారాలకు అందాలని. గిన్నె అడుగున రాలిన నూకను చేత్తో ఊడ్చి, వృథా కాకుండా చల్లారిన పాకంలోనే చల్లాను. చల్లుతూ, ఈ మాట ఆ పెద్దాయనకు తెలియక తరాలపాటు ఎంత సరుకు మోరీలో పోశాడో కదా అని జాలిపడ్డాను కూడా.

మూడో పాకంలో రాళ్లు బఠాణీలంత వచ్చాయి. దారం లాగితే సగం రాలిపోయాయి. రాలినదాన్నీ వదల్లేదు, మళ్లీ చల్లాను. పంచదార వ్యాపారిని తిట్టాను. వాతావరణాన్ని తిట్టాను. పార్శిలోళ్లకు గది చూపిస్తూ గోనెపట్టాలు ఎత్తాడేమోనని తమ్ముడిని అనుమానించాను.

నాలుగో పాకం గిన్నెలో దారాలు లేవు. ఉన్నాయి గానీ కనిపించలేదు. గిన్నె నిండా ఉప్మా గడ్డకట్టినట్టు ఒకటే ముద్ద. గరిటె పెట్టి కదిపితే రవ్వ రవ్వగా విడిపోయింది. పెళ్లికి పది రోజులు ఉంది.

తమ్ముడు గడపలో నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. అది నాన్న విద్య. వాడికీ నేర్పాడు.

ఆ ఆదివారం మేనకోడలు సెలవు. మూడు స్టీలు గ్లాసులు మరిగే నీళ్లతో కడిగింది. ఒకే పాకాన్ని మూడింటిలో పోసి చల్లారనిచ్చింది. ఒకదానిలో నా వంశపు రాయి పలుకు అంటించిన దారం దించింది. ఇంకొకదానిలో మా కొట్టు బస్తాలోని మామూలు పంచదార పలుకు అంటించిన దారం. మూడోదానిలో దారానికి ఏదీ అంటించలేదు. నా గిన్నె అడుగున గీకిన నూక ఒక చెంచా వేసింది. గుడ్డ కట్టి పక్కన పెట్టింది. వారం తిరక్కుండానే, పెళ్లికి మూడు రోజులుందనగా, విప్పింది.

మూడోది నా నాలుగో పాకానికి అచ్చం తోబుట్టువు. మిగతా రెండు దారాలనూ బయటికి తీసి, వెనక్కి తిరిగి, అటూ ఇటూ మార్చి, నా ముందు పట్టుకుంది.

"చెప్పత్తా. ఏది జమీందారు బిడ్డ?"

రెండింటికీ చక్కని రాళ్లు. వెలుతురుకు పెట్టి చూశాను. గోటితో గీకాను. నాలుకతో తాకాను. చింతపండులో తడి చెప్పే మనిషిని కదా, ధైర్యంగా ఒకటి చూపించాను. దానిలో ఏదో తేజస్సు ఉందని కూడా అన్నాను.

"అది మన బస్తాలోది."

తమ్ముడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"అంటే, మంచిది ఏరినందుకు ఒక్క పిసరు కూడా లాభం లేదా?" అన్నాను.

"పెద్ద రాయి పెద్దగా అయ్యింది ఎందుకు? మొదటిసారి గిన్నె శుభ్రంగా ఉన్నింది. రాళ్లు కొన్నే ఉన్నాయి, ఒక్కోదానికి చానా పాకం దొరికింది. అది దాని అదృష్టం, గుణం కాదు. అదృష్టం బిడ్డకి పోదు కదా." గిన్నె అడుగును వేలితో చూపించింది. "నువ్వు పైన ఏరతాండావు. గిన్నె అడుగున ఏరతాండాది. నీ పెద్ద రాయిని బయటికి తీసి గుడ్డలో పడుకోబెట్టినావు. దాన్నుంచి దారానికి అంటేది ఎన్ని పలుకులు? నూరు? నూక ఏమి చేసింది? గిన్నెలోనే ఉండె. ఒక్కొక్క నూకా ఒక విత్తనమే. ఉండే పాకాన్ని లక్షమంది పంచుకుంటే ఒకొక్కరికి ఎంత వస్తాది? అందరూ నూకగానే మిగిలిపోతారు, ఒకదానికొకటి సరిగా అతకవు, మళ్ళా రాలతారు, మళ్ళా నువ్వు చల్లతావు."

ఓడిపోయిన బేరంలో కూడా చివర్లో కొసరు అడగడం నా అలవాటు.

"అట్లయితే నేనే గెల్చినాను కదే! పెళుసుగా రాలిపోయేదే బిడ్డల్ని కన్నింది. గట్టిగా నిలబడింది గొడ్రాలుగా ఉండిపోయింది. గిన్నె తనంతట తానే ఏరుకునింది. చెయ్యి లేకుండా జల్లెడ ఆడింది. ప్రాణం లేనిదాంట్లో కూడా నీ నాచురల్ సెలెక్షన్ జరిగిందా లేదా?"

ఆమె వెంటనే లేదనలేదు. దానికి ఆమెను మెచ్చుకోవాలి. గ్లాసులోని ముద్దను చెంచాతో కదుపుతూ ఆలోచించింది.

"సగం."

"ముక్కాలు."

"సగమే అత్తా. రాలే గుణం ఒకదాన్నుంచి ఇంకొకదానికి పోయింది, అది నిజం. రద్దీలో పెరిగింది పెళుసు, పెళుసుది మళ్ళా రద్దీ చేస్తాది. ఎవురూ యాడా రాసిపెట్టకపోయినా అది పోయింది. కానీ దానికి పోయేది ఆ ఒక్కటే. రాగిలో అట్ల కాదు, వానలు తప్పిన ఏడు నిలబడేది ఒకటి వస్తాది, పురుగుకి లొంగనిది ఒకటి వస్తాది, పోను పోను కొత్తవి కూడతాయి. నూకకి చేతనయింది ఏమి? ఇంగా నూక కావడం, అష్టే. వెయ్యేండ్లు చల్లినా అది ఇంగొకటి కాదు."

"వెయ్యేండ్లు నీళ్లు పోసి కడక్కుండా పెడితే?"

"పెట్టినా అంతే. ఇంగా వేరే వేరే సరుకులు కలిసి, ఒకదాన్నొకటి పుట్టించే లెక్కన ఉంటే ఏమయితాదో నాకి తెలీదు. తెలీదని మా సార్లు కూడా చెప్పేవాళ్లు. మొదట ప్రాణం అట్లనే వచ్చిందేమో. నీ గిన్నెలో మాత్రం రాలేదు."

సగానికి ఒప్పుకున్నాను. నా జీవితంలో అడిగినదానికంటే తక్కువకు కుదిరి నేను బాధపడిన బేరం అదొక్కటే.

మరిగిన నీళ్లు ఒక బిందెడు తెచ్చి గిన్నెలన్నిటిలో పోసింది. నాలుగు పాకాల వంశం, నా వల్ల రాజ్యమేలిన వంశం, బిందెడు తియ్యటి నీళ్లయి మోరీలోకి పోయింది. గిన్నెల్లో ఒక్కడు కూడా బతికి మిగల్లేదు. కొత్త పాకం పోసి, మామూలు పంచదార పలుకుల దారాలు దించాం. కానీ కలకండకు వారం కావాలి, మాకు మూడు రోజులే ఉన్నాయి. పాకంతో బేరం కుదరదు.

పెళ్లికూతురి తల్లి చెప్పిన రోజుకే ఆటో మాట్లాడుకొని వచ్చింది. గిన్నెలు కడగక ముందే డబ్బాలోకి ఎత్తుకున్న నాలుగో పాకం నూకనే పళ్లెంలో పోసి, మీద రెండు గులాబీ రేకులు వేసి, ముందు పెట్టాను. నా సిగ్గులేనితనాన్ని దాచడం ఎందుకు?

"ఇది కొత్త రకమమ్మా. నూక కలకండ. నోట్లో పెట్టుకుంటేనే కరిగిపోతాది. పెద్దోళ్లకి పండ్లు నొయ్యవు."

ఆమె చిటికెడు తీసుకొని చూసింది. "నోట్లో కరిగేదానికి చక్కెర ఉండాది కదక్కా మా ఇంట్లో." నా ముఖం వైపు చూసింది, కోపంగా కాదు. "జాతి మెరుగయితాది అంటివి?"

నేను పళ్లెంలో గులాబీ రేకులు సర్దుతున్నాను. తమ్ముడు లోపలినుంచి ఒక అట్టపెట్టె తెచ్చి గల్లా పక్కన పెట్టాడు. బయటి సరుకు, మసిబారిందే, కానీ రాళ్లు రాళ్లుగా ఉంది. ఎప్పుడు తెప్పించాడో నాకు తెలియదు. నేను మూడో పాకం తీసిన రోజే అయి ఉంటుంది. ఆమె తీసుకుంది. ఆటోలో పెట్టించుకొని, "పెండ్లికి రాండి అక్కా, మరవద్దండి," అని నన్నూ పిలిచి వెళ్లింది. పెళ్లికి వెళ్లాను. తాంబూలం సంచీలో ఆ కలకండే ఇచ్చారు. గోనె పీచు ఏరి పారేసి తిన్నాను.

ఆమె సరుకు తీసుకెళ్లిన సాయంత్రమే తమ్ముడు ఒక్క మాట అడిగాడు.

"బీగం చెవి యాడ పెట్టినావక్కా?"

కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఏడవలేదు.

కడిగిన గిన్నెల్లోని పాకం పెళ్లయిన నాలుగో రోజున సిద్ధమైంది. మొదటి పాకం కంటే పెద్ద రాళ్లు, మా కొట్టు బస్తాలోని మామూలు పంచదారకు పుట్టినవి. అప్పటికే వెనక కొట్టులో గిన్నెల చుట్టూ పార్శిళ్లు దిగాయి. రాళ్లు తీశాక గిన్నెలు మా ఇంటి మెట్ల కింద చేరాయి. ఆ అట్టపెట్టెలను వాళ్లు విసిరే తీరు చూస్తే మా మేనకోడలి మాట గుర్తొస్తుంది. చితికినవి వెనక్కి పోతాయి, గట్టివి ముందుకు పోతాయి, రేపు వచ్చేవి మాత్రం మళ్లీ అంతే మెత్తగా వస్తాయి.

ఆ తర్వాత ఒకరోజు ముళబాగిలు నుంచి ఒకాయన కొట్టుకు వచ్చాడు. మిఠాయి అంగడి ఉందట. ఐదు తరాల కలకండ విత్తనం మా దగ్గర ఉందని విన్నాడట. ఐదు అన్న లెక్కను బట్టి ఆ కథ నా నోటినుంచే బయల్దేరిందని తెలిసింది. మేనకోడలు అప్పుడే బస్సు దిగి వచ్చి కాఫీ కోసం కూర్చుంది. ఆమె అక్కడ లేకపోతే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు, కాబట్టి నా నిజాయితీని ఎవరూ మెచ్చుకోనవసరం లేదు.

"అట్లాంటిదేమీ లేదప్పా. అది ఉత్త చక్కెర. మీ అంగట్లో ఉండేదే," అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "నీకి ఇచ్చేదానికి ఇష్టం లేదంటే చెప్పమ్మా. రేటు మాట్లాడుకుందాము."

"లేదప్పా, నిజంగానే చక్కెర."

ఆయన ఒక ధర చెప్పాడు. నేను ఏమనాలో తోచక వీధిలోకి చూశాను. ఆయన పెంచాడు. నేను వీధిలోకి చూస్తూనే ఉన్నాను, ఈసారి నిజంగా ఏమీ తోచకే. ఇంకా పెంచాడు, వెండి గిన్నె దాకా వచ్చాడు. బైరకూరు గదిలో కిటికీ, మేక, ఎర్ర గుడ్డ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. పక్కన మేనకోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని ఊగిపోతోంది.

"చూడత్తా," అంది ఆయన వినకుండా, "వంశం దీనికి ఉండాది. రాయికి కాదు, కథకి. మూడు నీ నోట్లో ఐదయ్యె. చెప్పినోళ్ల దగ్గర నుంచి విన్నోళ్ల దగ్గరికి పోతాండాది, అమ్ముడుపోయే మాట నిలబడతాండాది, పోనిది రాలిపోతాండాది. పెద్దాయన ఎంతమందికి చెప్పి చెప్పి పండించినాడో."

నేను లేచి ఎర్ర గుడ్డ మూట తెచ్చాను. ఆయన కళ్లు మెరిశాయి. రాయిని రోట్లో వేసి రెండు దెబ్బలు వేశాను. మూడు గ్లాసుల కాఫీలో కలిపి, ఒకటి ఆయనకిచ్చాను. ఆయన తాగుతున్నంతసేపూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. కాఫీ బాగుంది. తీపి ఎంత ఉండాలో అంతే ఉంది.

ఇక చివరి లెక్క. రాయికి పెట్టిన వెండి గిన్నె ధర మొత్తం పోయింది, మూడు గ్లాసుల కాఫీకి సరిపడా తీపి తప్ప. నాలుగు పాకాల పంచదారలో మొదటిది అమ్ముడై ఖర్చు వచ్చింది, రెండోది సగం వచ్చింది, మిగతా రెండూ నష్టం, పెళ్లి తర్వాత తేలిన ఐదోది దాని ఖర్చు అది తెచ్చుకుంది. పెళ్లి ఆర్డరు లాభం తమ్ముడిది, అది న్యాయం. గిన్నెలు ఇనుప సామాను ధరకు కొన్నాను కాబట్టి అమ్మినా పోయేది ఏమీ లేదు. వెనక కొట్టు పోయింది. దానికి ధర కట్టమంటే నాకు చేతకాదు, ధర కట్టలేనిది నా జీవితంలో అదొక్కటే తగిలింది. వచ్చినవైపు రాసుకోవడానికి సగం గెలిచిన వాదం ఒకటి ఉంది. ఇంకొకటి, గిన్నె మరిగిన నీళ్లతో కడుక్కోమని పెద్దాయన చెప్పిన మాట. ఆ బేరంలో ఆయన నాకు ఊరికే ఇచ్చింది అదొక్కటే, నేను పారేసిందీ అదొక్కటే.